నియమం ఢిల్లీది, చీపురు మనది

హైదరాబాద్ నయాపూల్ దగ్గర పొద్దున్నే పారిశుద్ధ్య కార్మికులు వాడిన పూలదండలు, కొబ్బరి చిప్పలు, ప్లాస్టిక్ కవర్లు ఒకే కుప్పగా ఎత్తుతారు. తడి, పొడి, ప్రమాదకర చెత్తను ఇంటి దగ్గరే వేరు చేయాలన్న నియమం మాత్రం ఢిల్లీలో పుట్టింది. 2015 జూన్‌లో కేంద్ర పర్యావరణ శాఖ ముసాయిదాను గెజిట్‌లో ప్రచురించి, అభ్యంతరాలకు 60 రోజుల గడువిచ్చింది. 2016 ఏప్రిల్ 8న ఘన వ్యర్థాల నిర్వహణ నియమాలు వచ్చాయి. వాటి కింద ఇంటింటి సేకరణ, బండ్లు, శుద్ధి భారం ప్రధానంగా నగరపాలికలపైనే పడింది.

నగరపాలికలకు అప్పగించదగిన పనులను చెప్పే రాజ్యాంగం 12వ షెడ్యూలులోని 18 అంశాల్లో పారిశుద్ధ్యం ఒకటి. అందుకే ముసాయిదాపై అభ్యంతరాలు చెప్పే ఇలాంటి గడువు నగరపాలికకు ప్రాణం లాంటిదని నా గట్టి నమ్మకం. పాతబస్తీ సందుల్లోకి ఏ బండి పడుతుంది, ఖర్చెంత, డబ్బెవరిస్తారు? కార్మికులనే అడిగి, లెక్కలతో సహా గడువులోగా ఢిల్లీకి రాయాలి.