చదివే అలవాటు - ఉద్యోగ జీవితం

(పెన్షనర్ల దినోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



పుస్తక పఠనం గురించి నాలుగు మాటలు చెప్పమని కార్యదర్శి గారు ఆదేశించారు. నేను రచయితను కాను, పండితుణ్ణి అసలే కాను. 1974 నుంచి 2008 వరకు ముప్పై నాలుగేళ్లు ఫైళ్ల మధ్య గడిపినవాణ్ణి. చదివే అలవాటు ఒక గుమాస్తాకు ఏ విధంగా అక్కరకు వచ్చిందో ఆ సంగతి మాత్రమే మనవి చేస్తాను.

మాది వేటపాలెం ప్రాంతపు చేనేత కుటుంబం. అక్కడి సారస్వత నికేతనం గురించి మీలో చాలామందికి తెలుసు. 1918లో స్థాపించిన గ్రంథాలయం అది. దాని భవనానికి 1929లో మహాత్మా గాంధీ శంకుస్థాపన చేశారు. ఆంధ్రపత్రిక, కృష్ణాపత్రిక వంటి పాత పత్రికల సంచికలను భద్రపరచిన చోటు. బడి వదలగానే నా అడుగులు అటే పడేవి. చందమామతో మొదలుపెట్టి, చేతికందిన నవలలన్నీ అక్కడే చదివాను.

ఇంట్లో నాన్నగారు మగ్గం మీద ఉంటే పక్కన కూర్చుని దినపత్రిక చదివి వినిపించడం నా పని. మధ్యలో వదిలేస్తే ఆయన ఊరుకునేవారు కాదు. "సగం వార్త విని ఊళ్లో మాట్లాడకూడదురా, చివరిదాకా చదువు" అనేవారు. నా ఉద్యోగానికి అసలు శిక్షణ అదేనని తర్వాత తెలిసింది.

పరిపాలనలో తెలుగు వాడాలని 1966లో అధికార భాషా చట్టం వచ్చింది. కాని తెలుగులో నోటు పెట్టమంటే మా ఆఫీసులో చాలామంది తడబడేవారు. ఇంగ్లీషు నమూనాలు కంఠతా వచ్చు గాని సొంత భాషలో రెండు వాక్యాలు కుదిరేవి కావు. నవలలు, పత్రికలు చదివిన పుణ్యమా అని నాకా ఇబ్బంది రాలేదు. అర్జీదారు ఏమడిగాడు, నిబంధన ఏమంటోంది, మనం ఏం చేయాలి - ఈ మూడూ వరసగా రాసేవాణ్ణి. దాంతో చిక్కు ఫైళ్లన్నీ నా బల్ల మీదికే చేరాయి. పని పెరిగింది, దానితోపాటు పేరూ వచ్చింది.

ఆ ఫైళ్లలో ఒకటి 1983లో వచ్చింది. సర్వీసులో ఉండగా చనిపోయిన ఒక అటెండరు భార్యది. భర్త నామినేషను పత్రం దాఖలు చేయలేదు కనుక ఫ్యామిలీ పెన్షను ఇవ్వడం కుదరదని రెండేళ్లుగా తిప్పి పంపుతున్నారు. ఒకరు రాసిన అభ్యంతరాన్నే తర్వాతివారు దించుకుంటూ పోయారు. నేను 1980 నాటి సవరించిన పెన్షను నిబంధనల పుస్తకం ఇంటికి తీసుకెళ్లి మొదటి నుంచి చదివాను. నామినేషను కావలసింది గ్రాట్యుటీకి. ఫ్యామిలీ పెన్షను ఎవరికి చెందాలో నిబంధనే వరస చెప్పింది. ఆ వరసలో ముందున్నది భార్యే. దానికి నామినేషనుతో పని లేదు. ఆ సంగతే ఎత్తి చూపుతూ రెండు పేజీల నోటు పెట్టాను. మూడు నెలల్లో బకాయిలతో సహా మంజూరైంది.

ఆమెకు చదువు రాదు. ఉత్తర్వు చేతికిస్తే, "ఏం రాశారో చదివి చెప్పండి బాబూ" అంది. చదివాను. ఇంకోసారి చదవమంది. మళ్లీ చదివాను. నా సర్వీసులో నేను చదివిన కాగితాలన్నింటిలో విలువైనది అదే.

ఉద్యోగంలో చదువుకు తీరిక ఎక్కడిదని కొందరంటారు. వారు సి.పి. బ్రౌను దొరను తలచుకోవాలి. ఆయనా ఉద్యోగే. 1820లో కడపకు వచ్చాక కొలువు పని చూసుకుంటూనే తెలుగు నేర్చి, తాళపత్రాలు సేకరించి, 1829లో వేమన పద్యాలు అచ్చువేశారు, నిఘంటువు కూర్చారు. ఇంగ్లండు తిరిగి వెళ్లాక కూడా లండన్ విశ్వవిద్యాలయంలో తెలుగు ఆచార్యులుగా ఉన్నారు. విశ్రాంతి చదువుకు అడ్డు కాదని దీనివల్ల తెలుస్తోంది.

మనం ఏటా ఈ డిసెంబరు 17న కలుసుకోవడానికి కారణమైన నకారా కేసు తీర్పు 1982లో వచ్చింది. పెన్షను దయతో ఇచ్చే దానం కాదని, చేసిన సేవకు దక్కే హక్కని సుప్రీంకోర్టు చెప్పింది. రిటైరైన తేదీని బట్టి పెన్షనర్లను రెండు తరగతులుగా విడదీయడం చెల్లదన్నది. దాని పేరు ఎత్తేవారు ఎందరో గాని, పూర్తిగా చదివినవారు కొద్దిమంది. ఇప్పుడు సెల్‌ఫోనులో రోజుకో జీవో అంటూ ఏవేవో వస్తున్నాయి. చూడగానే పదిమందికి పంపేముందు అసలు ఉత్తర్వు నంబరు, తేదీ చూసి, చివరి పేరా దాకా చదవండని నా ప్రార్థన.

చివరిగా ఒక్క విన్నపం. ఈ రాత్రి ఇంటికి వెళ్లాక మీ పెన్షను చెల్లింపు ఉత్తర్వు బయటికి తీయండి. మీ శ్రీమతి గారిని, పిల్లలను కూర్చోబెట్టి మొదటి నుంచి చదివి వినిపించండి. అందులో ఆమె పేరు, పుట్టిన తేదీ సరిగా ఉన్నాయో లేదో ఇద్దరూ కలిసి చూసుకోండి. తప్పు ఉంటే మీరుండగానే సరిచేయించండి. మన తర్వాత ఆ కాగితం పట్టుకుని ఆఫీసుల చుట్టూ తిరిగే పరిస్థితి వారికి రాకూడదు.