అర్జీ పెట్టడమూ ఒక విద్యే

(తుమ్మలపల్లెలో జరిగిన విశ్రాంత ఉద్యోగుల సభలో చేసిన ప్రసంగ పాఠం)



మన సభల్లో కరువు భత్యం బకాయిల గురించీ, వైద్య ఖర్చుల బిల్లుల గురించీ మాట్లాడుకోవడం రివాజు. ఈసారి కార్యవర్గం వారు నన్ను వేరే సంగతి మాట్లాడమన్నారు. వీసాలు, వలస చట్టాలు, వాటిమీద వకీళ్లు ప్రభుత్వాధికారులకు చేసుకునే విన్నపాలు, వాదాలు. పింఛనుదారులకు ఇదంతా ఎందుకని ఎవరైనా అడగవచ్చు. ఇక్కడ కూర్చున్న వారిలో పరదేశంలో మనిషి లేని ఇల్లు ఎన్నో లెక్క తీయండి, మీకే తెలుస్తుంది. చదువు అబ్బిన పిల్లలు అమెరికా పోయినారు. చదువు అబ్బని వాళ్లు కువైట్ పోయినారు. బోర్లు ఎండి చీనీ చెట్లు కొట్టేసిన ఇళ్లనుంచి ఆడపడుచులు కువైట్ ఇళ్లల్లో వంటకూ, పసిపిల్లల్ని సాకడానికీ పోయినారు. రాయచోటి, రాజంపేట, కడప, పులివెందుల, ఎటు చూసినా ఇదే కథ. వాళ్ల బతుకు ఏ చట్టంలోని ఏ సెక్షను మీద ఆధారపడి ఉందో తెలుసుకోవడం మన పని కాకపోతే ఇంకెవరి పని?

నేను రెవెన్యూ శాఖలో గుమాస్తాగా చేరి డిప్యూటీ తహసీల్దారుగా దిగినవాణ్ణి. ముప్పై ఏండ్లకు పైగా అర్జీలు పుచ్చుకునే బల్లకు అవతలి పక్కన కూర్చున్నాను. ఏ అర్జీ ఫైలులో చేరుతుంది, ఏది కట్టలో కలిసిపోతుంది అనేది నాకు కొంత ఎరుక. ఆ ఎరుకతోనే నాలుగు మాటలు మనవి చేస్తాను.

వలస వ్యవహారాల వకీలు రెండు పనులు చేస్తాడు. మొదటిది అందరికీ తెలిసిందే. ఒక మనిషి కాగితాలు సరిచూసి, దరఖాస్తు పెట్టి, తిరస్కరిస్తే అప్పీలు చేయడం. రెండోది, ఆ మనిషికి అడ్డం వచ్చిన నిబంధననే మార్చమని అధికారుల దగ్గరికి, చట్టసభల సభ్యుల దగ్గరికి పోవడం. అమెరికాలో ఈ వకీళ్లకు 1946 నుంచి ఒక జాతీయ సంఘమే ఉంది. అందులో వాళ్ల స్వార్థం లేదని నేను అనను, వాళ్ల వృత్తి దాని మీదే నడుస్తుంది. అయినా ఒక నిబంధన మారితే ఫీజు ఇవ్వలేని వాడికి కూడా ఆ మేలు దక్కుతుంది. ఈ రెండో పనికి అంత విలువ ఉండేది అందుకే.

ఈ పని కొత్తదేమీ కాదు. ఈ పనిలో మనకు బాగా తెలిసిన తొలి వకీలు మహాత్మా గాంధీ. మద్రాసు రేవు నుంచి తమిళులు, తెలుగువారు గిరిమిటీ కూలీలుగా దక్షిణాఫ్రికాలోని నేటాల్‌కు పోయిన రోజులవి. 1894లో అక్కడి ప్రభుత్వం భారతీయుల ఓటుహక్కు తీసేసే బిల్లు తెచ్చింది. గాంధీ, ఆయన మిత్రులు కలిసి లండన్‌లోని వలసల మంత్రి లార్డ్ రిపన్‌కు మహజరు తయారు చేసి, సుమారు 10,000 సంతకాలు సేకరించి పంపారు. గడువు ముగిసిన కూలీ మీద ఇంకో పిడుగు పడింది. ఒప్పందం ముగిశాక అక్కడే ఉండదలచిన వాడు తలకు ఏటా 25 పౌండ్ల పన్ను కట్టాలని నేటాల్ వారు అడిగారు. మన వైస్రాయి లార్డ్ ఎల్గిన్ దాన్ని 3 పౌండ్లకు ఒప్పుకున్నాడు. భార్యకు, పదహారేళ్లు దాటిన కొడుక్కు, పదమూడేళ్లు దాటిన కూతురికి కూడా ఆ పన్నే. నలుగురున్న ఇంటికి ఏటికి 12 పౌండ్లు! నెలకు 14 షిల్లింగులు కూడా దాటని సంపాదన మీద ఈ భారం. 1895లో చట్టమైన ఆ పన్ను 1914లో గానీ రద్దు కాలేదు. పంతొమ్మిదేళ్లు. దానికోసం ఎన్ని విన్నపాలు వెళ్లాయో, ఎంతమంది జైలుకు పోయారో చరిత్ర చెబుతుంది. ఒక్క అర్జీతో పని అయిపోతుందనుకునేవారు ఈ లెక్క గుర్తుపెట్టుకోవాలి.

ఇక మన కాలానికి వద్దాం. గల్ఫ్‌కు పోయేవారికి వర్తించేది 1983 నాటి ఎమిగ్రేషన్ చట్టం. అంతకుముందు 1922 నాటి చట్టం ఉండేది. పదో తరగతి పాస్ కానివారికి ఈసీఆర్ పాస్‌పోర్టు ఇస్తారు. వాళ్లు కువైట్ వంటి దేశాలకు పనికి పోవాలంటే ప్రొటెక్టర్ ఆఫ్ ఎమిగ్రెంట్స్ అనుమతి కావాలి. ఆ అనుమతి ఇచ్చేటప్పుడు చూసే వాటిలో ఒకటి కనీస జీతం. ఫలానా దేశానికి ఫలానా పనికి పోయే మా మనిషికి ఇంతకు తగ్గితే ఒప్పుకోము అని మన ప్రభుత్వం పెట్టుకున్న గీత అది.

2020 సెప్టెంబరులో, కరోనా రోజుల్లో, విదేశాంగ శాఖ గల్ఫ్ దేశాలకు ఈ గీతను 30 నుంచి 50 శాతం దాకా కిందికి దించింది. అధికారుల వాదన కూడా వినాలి. పనులు పోయి జనం తిరిగొస్తున్నారు, మన జీతం ఎక్కువగా ఉంటే ఆ ఉద్యోగాలు పొరుగు దేశాల వారికి పోతాయి అని వారి భయం. కొట్టిపారేయదగ్గ మాటేమీ కాదు. అయితే వలస కార్మికుల సంఘాలవారు, వారి వకీళ్లు ఒక సంగతి పట్టుకున్నారు. గల్ఫ్‌లోని కొన్ని దేశాల్లో ఉద్యోగం ముగిసినప్పుడు ఇచ్చే డబ్బు మూల వేతనం మీద లెక్కిస్తారు. గీత దిగితే కొత్తగా పోయేవాడికే కాదు, ఏండ్ల తరబడి అక్కడున్న వాడికీ దెబ్బే. బేసిక్ తగ్గితే గ్రాట్యుటీ ఏమవుతుందో ఈ సభకు వేరే చెప్పాలా? తెలంగాణ హైకోర్టులో ప్రజాప్రయోజన వ్యాజ్యం పడింది. ఊరూరా విన్నపాలు పోయాయి. పార్లమెంటు సభ్యులను కలిశారు. 2021 జులైలో ప్రభుత్వం పాత గీతనే మళ్లీ గీసింది. ధర్నా ఒక్కటే కాదు, కాగితం ఒక్కటే కాదు, రెండూ కలిసి చేసిన పని అది.

గెలుపు కథ ఒకటి చెప్పాను. ఇంకా తేలని కథ ఒకటి ఉంది, అది మన ఇండ్ల ఆడబిడ్డలది. ఈసీఆర్ పాస్‌పోర్టు మీద ఇంటిపనికి పోయే స్త్రీకి 30 ఏండ్లు నిండాలని నియమం. 2014లో యజమాని 2,500 డాలర్ల బ్యాంకు గ్యారంటీ ఇవ్వాలన్నారు. కువైట్ ఒప్పుకోలేదు, 2017లో ఆ షరతు తీసేశారు. 2016 నుంచి ఇలాంటి స్త్రీలను ప్రైవేటు ఏజెంట్లు పంపకూడదు, ప్రభుత్వ సంస్థలే పంపాలి అన్నారు. ఇవన్నీ రక్షణ కోసమే పెట్టినవి. కానీ పొలం అప్పు ఆగుతుందా? రాజమార్గం మూస్తే దొడ్డిదారి తెరుచుకుంటుంది. మా బంధువుల ఊరి నుంచి ఒకామెను ఒక దళారి విజిట్ వీసా మీద వేరే దేశం చేర్చి, అక్కడినుంచి కువైట్ పంపాడు. ఆమె పేరు మన ప్రభుత్వపు ఏ రికార్డులోనూ లేదు. జీతం ఎగ్గొట్టినా, పాస్‌పోర్టు లాక్కున్నా, ఎవరిని అడగాలి? ఇల్లు వదిలి బయటపడితే ‘కల్లివల్లి’ అవుతుంది, పట్టుబడితే జైలు. 2015లో కువైట్ ఇంటిపనివారి కోసం చట్టం చేసింది. వారానికొక సెలవు, పనిగంటల హద్దు, పాస్‌పోర్టు యజమాని దగ్గర పెట్టుకోకూడదన్న మాట అందులో ఉన్నాయి. కానీ ఒప్పంద పత్రమే లేని మనిషి ఆ చట్టం తలుపు ఎలా తడుతుంది?

అందుకే వకీళ్లు, కార్మిక సంఘాలవారు అధికారులకు చెబుతూ వస్తున్నది ఇది: పోవడాన్ని నిషేధించకండి, పోయే దారిని కాపాడండి. నా మటుకు నాకు ఈ వాదం సబబనిపిస్తుంది. వయసు నియమం ఎత్తేస్తే పడుచు పిల్లలు మోసపోతారనే వారూ ఈ సభలో ఉన్నారు. వారి భయమూ నిజమే. కాబట్టి ఈ విషయం మనం చర్చించి తీరాలి.

అమెరికా సంగతి ఒక్కటి చెప్పి ముగింపుకొస్తాను. అక్కడ ఉద్యోగం ద్వారా వచ్చే గ్రీన్ కార్డుల్లో మామూలుగా ఏ ఒక్క దేశానికీ ఏటా 7 శాతానికి మించి ఇవ్వరు. అందుకే మన పిల్లల వరస అంత పొడుగు. 2007 జూన్‌లో అక్కడి ప్రభుత్వం, జులైలో దాదాపు అందరూ చివరి దరఖాస్తు పెట్టుకోవచ్చని ప్రకటించింది. మనవాళ్లు వైద్య పరీక్షలు చేయించుకున్నారు, ఊళ్లోనున్న భార్యలను హడావుడిగా విమానమెక్కించారు. తీరా జులై 2న ఆ ప్రకటన వెనక్కి తీసుకున్నారు. వకీళ్లు కోర్టుకు కదిలారు. చట్టసభ సభ్యులు లేఖలు రాశారు. భారతీయ ఉద్యోగులు ఏం చేశారో తెలుసా? జులై 10న ఆ శాఖాధిపతికి వందలాదిగా పూలగుత్తులు పంపారు. ఆయన వాటిని గాయపడిన సైనికులున్న ఆసుపత్రికి పంపించాడు. జులై 17న ప్రభుత్వం దిగివచ్చి, ఆగస్టు 17 వరకు దరఖాస్తులు తీసుకుంటామంది. పూలు కనిపించాయి గానీ, పూల వెనక సెక్షన్ల వారీగా రాసిన వాదం ఉంది.

బల్ల అవతల కూర్చున్నవాడిగా ఇప్పుడు చెబుతున్నాను. కష్టమంతా ఏకరువు పెట్టిన అర్జీ మీద అధికారికి జాలి కలుగుతుంది గానీ దాని మీద నోట్ రాయడానికి ఏమీ ఉండదు. ఫలానా చట్టం, ఫలానా నియమం, దానివల్ల ఫలానా వారికి ఈ నష్టం, దాన్ని ఇట్లా మార్చండి అని రాస్తే గుమాస్తా దాన్ని ఫైలులో పెట్టక తప్పదు. కలిసిన తేదీ, ఇచ్చిన రసీదు జాగ్రత్త చేసుకోవాలి. జవాబు రాకపోతే సమాచార హక్కు చట్టం కింద 10 రూపాయలు కట్టి అడగవచ్చు, 30 రోజుల్లో చెప్పాలి.

మన సంఘం చేయదగినవి మూడు మనవి చేస్తాను.

మొదటిది, పోయేవారికి ముందుమాట. ఏజెంటుకు రిజిస్ట్రేషన్ ఉందో లేదో ప్రభుత్వపు ఈ-మైగ్రేట్‌లో చూసి చెబుదాం. చట్టప్రకారం ఏజెంటు తీసుకోదగినది 30,000 రూపాయలు, దానిపై జీఎస్టీ మాత్రమే. ప్రవాసీ భారతీయ బీమా చేయించుకుంటే ప్రమాదంలో పోయినవారి ఇంటికి 10 లక్షలు వస్తుంది. రెండేళ్లకు ప్రీమియం 275 రూపాయలు.

రెండోది, చిక్కుకున్నవారికి. ‘మదద్’లో ఫిర్యాదు నమోదు చేయించాలి. 1987 నాటి న్యాయసేవల చట్టం కింద స్త్రీలకు ఆదాయంతో పనిలేకుండా ఉచితంగా వకీలు దొరుకుతాడు. ఈ సంగతి ఆ ఇండ్లవారికి తెలియదు. మనకు తెలుసు.

మూడోది, అన్నిటికన్నా ముఖ్యం. 1983 చట్టాన్ని మార్చడానికి 2019లో ఒకసారి, 2021లో ఒకసారి ముసాయిదాలు పెట్టి ప్రజల అభిప్రాయం అడిగారు. 2025 అక్టోబరులో మరో ముసాయిదా విడుదలైంది. గడువులు చిన్నవి. ఢిల్లీలోని పెద్ద వకీళ్లు రాస్తారు, ఏజెంట్ల సంఘాలూ రాస్తాయి. వేముల మండలంలో కూతుర్ని కువైట్ పంపిన తల్లి తరఫున రాసేదెవరు? డ్రాఫ్టు రాయడం, క్లాజు చదవడం మనకు జీవితమంతా అలవాటైన పని. పింఛనుతో పాటు మనకు మిగిలిన ఆస్తి అదొక్కటే.

పోయినవారి పేర్లు, పాస్‌పోర్టు రకం, వీసా నంబరు, ఏజెంటుకిచ్చిన డబ్బు, ఊరివారీగా ఒక రిజిస్టరు తెరవాలని తీర్మానం ప్రతిపాదిస్తున్నాను. లెక్క చేతిలో ఉంటే మన మాట వినతిపత్రం అవుతుంది. లేకుంటే అది రచ్చబండ ముచ్చటే. రిజిస్టరు రాసే పని నాకే అప్పగించండి, కండ్లు ఇంకా కనపడుతున్నాయి.