వినోదవనములో విందు

పెబ్బేరు శనివారపు సంతను ఎరుగనివారు పాలమూరు సీమలో అరుదు. హైదరాబాదునుండి బెంగుళూరు పోవు 44వ నంబరు జాతీయ రహదారిపై, కొత్తకోట దాటిన తరువాత వచ్చు ఈ ఊరిలో వారమునకొకమారు ఎద్దులు, ఆవులు, గొర్రెలు, మేకలు చేతులు మారుచుండును. వేకువనే ఇల్లు వెడలి వచ్చిన రైతునకు బేరము కుదురునప్పటికి ఆకలి కాక తప్పదు. అందుచేత సంత ఉన్నచోటనే తిండి అంగళ్లును వెలయును. ఆ అంగడివానికి ఒక భయము గలదు. కూర రుచించకున్న, తినువాడు లేచి పది అడుగుల దూరములోనున్న మరియొక పాక క్రిందికి పోవును. పై శనివారము తనతోపాటు మరి నలుగురిని గూడ అచ్చటికే తీసికొనిపోవును. సంత భోజనమును సరిగా నుంచునది చాలవరకు ఈ భయమే.

జాతర భోజనము మరియొక తీరు. కురుమూర్తి జాతరకు బండ్లు కట్టుకొని పోవు కుటుంబములు బియ్యము, పప్పు, గిన్నెలు వెంట తీసికొనిపోయి, చెట్టు నీడను మూడు రాళ్లు పెట్టి వండుకొనుట పూర్వమునుండి వచ్చుచున్న ఆచారము. అచ్చట వండువారును తినువారును ఒక్కరే గనుక ఫిర్యాదునకు తావు లేదు. ఉప్పు ఎక్కువైనచో ఇంటిలోని మాటగానే అది ముగియును.

ఈ రెండింటికిని చేరని మూడవ తీరు ఒకటి మన కాలములో వచ్చినది. అదియే వినోదవనములలోని భోజనశాల. టికెట్టు కొని లోనికి పోయిన తరువాత, చీకటి పడువరకు అచ్చటనే యుండవలెను. అచ్చట పెట్టినదే తినవలెను. పాక మార్చుకొను స్వేచ్ఛయు లేదు, పొయ్యి పెట్టుకొను వీలును లేదు. ఇట్టిచోట ఆకలిగొన్న మనుష్యునకు ఎంత రక్షణ కలదను ప్రశ్నను నేడు శ్రోతల ముందు ఉంచదలచితిమి.

చరిత్రను చూచినచో ఒక విశేషము కనబడును. అమెరికాలోని కాలిఫోర్నియా రాష్ట్రములో బ్యూనా పార్కు అను చోట వాల్టర్ నాట్ అను రైతు బెర్రీ పండ్లు పండించి రోడ్డు ప్రక్కన అమ్ముచుండెను. ఆర్థికమాంద్యపు దినములలో, 1934లో, ఆయన భార్య కార్డీలియా తమ పెండ్లినాటి పింగాణీ పళ్లెములను బయటికి తీసి, వేయించిన కోడిమాంసముతో ఎనిమిది భోజనములు వడ్డించెను. ఒక్కొక్క భోజనము వెల 65 సెంట్లు. ఆ రుచి నలుదెసల ప్రాకి, కొన్ని ఏండ్లలోనే ఆ ఇంటిముందు జనము గంటల తరబడి నిలుచుండవలసి వచ్చెను. వేచియున్నవారికి ప్రొద్దుపోవుటకై నాట్ 1940లో పాతకాలపు పడమటి పట్టణమును పోలిన వీధి నొకదానిని కట్టింప మొదలిడెను. అదియే క్రమముగా పెరిగి నేటి నాట్స్ బెర్రీ ఫార్మ్ అను వినోదవనమైనది. అనగా ఆ వనమునకు మూలము ఒక ఇల్లాలి వంట. ముందు భోజనము, దాని వెనుక వినోదము.

అదే రాష్ట్రములో 1955 జులై 17న డిస్నీలాండ్ తెరచిన నాటి కథ ఇందుకు విరుద్ధము. ఎదురుచూచినదానికంటె ఎక్కువ జనము వచ్చిరి. భోజనశాలలలో తిండి నిండుకొన్నది. ప్లంబర్ల సమ్మె కారణముగా మరుగుదొడ్లా, త్రాగునీటి కొళాయిలా అను ప్రశ్న వచ్చి, మరుగుదొడ్లను ముందు సిద్ధము చేసిరి. మండుటెండలో జనము దాహముతో తిరుగవలసి వచ్చెను. ఆ సంస్థ తరువాత దిద్దుకొని ప్రపంచమున పేరుగాంచినది. కాని ముందు వినోదము, వెనుక భోజనము అను పద్ధతిలో ఎట్టి చిక్కు కలదో ఆ మొదటి దినమే చూపినది.

మన దేశములో జయపురమువద్ద చోఖీ ఢాణీ 1989లో పల్లెటూరి వేషముతో విందు పెట్టుటను ఒక వ్యాపారముగా ఆరంభించినది. హైదరాబాదు సమీపమున రామోజీ ఫిల్మ్ సిటీ 1996లో వెలసినది. రావిర్యాలలో వండర్‌లా 2016లో తెరచిరి. ఇట్టి వనములు ఇంకను పలు వెలసినవి. మన జిల్లాల పిల్లలకు సెలవులు రాగానే ఆ దిక్కునకే మనసు పోవుట సహజము.

ఒక వేసవిలో పెబ్బేరులోని మా పెద్దమ్మ ఇంటివారును మేమును కలిసి తొమ్మండుగురము హైదరాబాదు పరిసరములలోని ఒక వినోదవనమునకు పోయితిమి. పైన పేర్కొన్నవానిలో అది ఒకటి కాదు. దాని పేరుతో మనకు పనియు లేదు. వేరుసెనగ పంట చేతికి వచ్చిన సంవత్సరమది. పిల్లలకు మా అన్న ఇచ్చిన మాట అప్పటికి రెండేండ్లుగా వాయిదా పడుచు వచ్చినది. సుమారు 150 కిలోమీటర్ల ప్రయాణము గదా యని పెద్దమ్మ జొన్నరొట్టెలు, పల్లీల పొడి, పెరుగన్నము మూటగట్టుకొని బయలుదేరెను. ఆమె డెబ్బది యేండ్లు దాటిన మనిషి. చక్కెర వ్యాధి గలదు. వేళ తప్పక తినవలెనని వైద్యుని కట్టడి.

ద్వారమువద్ద కావలివారు మూట విప్పించి, బయటి తిండి లోనికి పోరాదని చెప్పి, టోకెను ఇచ్చి దానిని ఒక అరలో పెట్టించిరి. “ఇంటి రొట్టె గూడ దొంగసొమ్మేనా కొడుకా?” అని పెద్దమ్మ అడిగెను. ఆ యువకుడు తల వంచుకొని ఊరకుండెను. నియమము చేసినది అతడు కాదు.

పగలంతయు బాగుగనే గడచినది. పిల్లల ఆనందమునకు మేర లేదు. పెద్దమ్మ గూడ వారి పోరు పడలేక రంగులరాట్నమెక్కి నవ్వుచు దిగెను. రాత్రికి ‘పల్లెటూరి విందు’ అను శాలలో భోజనమునకు ఉదయమే డబ్బు కట్టియుంటిమి. లోపల గోడలకు ఎఱ్ఱమన్ను పూత, సున్నపు ముగ్గులు, లాంతర్లు, మూలన ఒక బండిచక్రము, వడ్డించువారికి తలపాగాలు. ప్రతి శనివారము నిజమైన ఎద్దులను చూచు పెబ్బేరువారము ఆ చక్రమును చూచుటకు డబ్బు చెల్లించితిమి. “ఇనుప పట్టా లేదు, ఇది నాలుగు దినాలు గూడ నడవదు” అని పెద్దమ్మ తేల్చెను. అందరమును నవ్వితిమి.

తరువాత నవ్వుటకు ఏమియు మిగులలేదు. ఎనిమిది గంటలకు వడ్డన యని టికెట్టుపై అచ్చువేసియుండుటచేత పెద్దమ్మ ఏడున్నరకే మాత్ర వేసికొనెను. తలుపు తెరచునప్పటికి తొమ్మిది కావచ్చెను. ఆటలన్నియు ఒక్కసారి ముగిసి జనమంతయు ఆ తలుపువద్దనే గుమిగూడిరి. మా వంతు వచ్చుసరికి కూర అయిపోయినది, పప్పు చల్లారినది, అన్నము ఉడికీ ఉడకక యున్నది. జొన్నరొట్టె యని పెట్టినది విరుగుటకే మొరాయించెను. త్రాగునీరు సీసాలలో మాత్రమే, అదియు వేరొక గవాక్షమున డబ్బు కట్టి చీటి తెచ్చిన పిదప. అంతలో పెద్దమ్మకు ముచ్చెమటలు పోసి చేతులు వణక నారంభించెను. చక్కెర పడిపోవుచున్నదని మా వదిన గుర్తించెను. ఆమె తెచ్చిన పెరుగన్నము ద్వారము అవతల అరలో తాళములో నున్నది.

అప్పుడు తలపాగా ధరించిన వడ్డనకుఱ్ఱవాడొకడు పరుగున లోనికి పోయి ఒక గ్లాసు చక్కెర నీరు తెచ్చి త్రాగించెను. పిమ్మట పనివారు తమకొరకు వండుకొన్న వేడి అన్నము, పప్పుచారు ఒక పళ్లెములో పెట్టుకొని వచ్చెను. “మాది నాగర్‌కర్నూలు దిక్కు అవ్వా, తిను” అనెను. ఆ శాలలో ఆ రాత్రి తినదగిన భోజనము అదొక్కటే. దానికి వారు వెల కట్టలేదు. మిగిలినదానికి మాత్రము, నీటిసీసాలను, సేవారుసుమును కలిపి వచ్చిన మొత్తముతో సంతలో ఒక మేకపిల్లను కొనవచ్చును. అడుగబోయిన మా అన్నకు, నియమములన్నియు టికెట్టు వెనుక అచ్చువేసియున్నవని జవాబు వచ్చెను.

ఆ కుఱ్ఱవానిని తలచుకొన్నచో, లోపము చేతులలో లేదనియు, ఏర్పాటులో నున్నదనియు తేటపడును. వేల జనమునకు ఒకే గడియలో ఆకలి కలుగునట్లు ఆటల వేళలు అమర్చి, ఆ గడియకు చాలినన్ని పొయ్యిలు అమర్చకపోవుట మొదటి కారణము. వంటశాలను గుత్తకిచ్చినచోట గుత్తదారు తన అద్దెను సెలవుదినములలోనే రాబట్టుకొనవలసి యుండుట రెండవది. ఏడాదికొకమారు వచ్చువాడు పై శనివారము రాకున్న నష్టమేమను తలంపు మూడవది. సంతలోని అంగడివానికి గల భయము ఇచ్చట లేదు. ఆ భయము లేనిచోట దాని స్థానమున చట్టమైనను, మర్యాదయైనను నిలువవలెను.

చట్టము కొంతవరకు నిలిచినది. సేవారుసుమును బిల్లులో తమంతట తాము చేర్చరాదని కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ 2022 జులైలో మార్గదర్శకములు వెలువరించినది. 2025 మార్చిలో ఢిల్లీ హైకోర్టు వానిని సమర్థించినది. కావున ఆ రుసుము చెల్లించుట మన ఇష్టము. తీసివేయుమని అడుగుట మన హక్కు. నీటిసీసా విషయము వేరు. భోజనశాలలో కూర్చుండబెట్టి ఇచ్చు నీటికి సీసాపై అచ్చువేసిన ధరకంటె ఎక్కువ పుచ్చుకొనవచ్చునని సుప్రీంకోర్టు 2017 డిసెంబరులో తీర్పు చెప్పినది. బయటి తిండిని గూర్చి 2023 జనవరిలో అదే న్యాయస్థానము సినిమాహాళ్ల విషయమున ఇచ్చిన తీర్పు గమనింపదగినది. తిండి తేరాదనుటకు యజమానికి హక్కు కలదనియు, అయితే శుభ్రమైన త్రాగునీరు ఉచితముగా ఇయ్యవలెననియు, పసిబిడ్డలకు తెచ్చు ఆహారమును అడ్డగింపరాదనియు దాని సారము.

పసిబిడ్డకు వర్తించు న్యాయము వృద్ధురాలికి ఏల వర్తింపరాదు? మాత్రకును ముద్దకును నడుమ గడియలు లెక్కించుకొను రోగికి పెరుగన్నము గూడ మందు వంటిదే. సినిమా మూడు గంటలలో ముగియును. వినోదవనములో పండ్రెండు గంటలు గడువవలెను. అంతసేపు మనుష్యుని లోపల ఉంచుకొనువాడు అతని ఆకలికి బాధ్యుడు కాక తప్పదు. అతిథిని ఇంటికి పిలిచి, ద్వారము మూసి, వేళకు పెట్టకుండుటను మన పెద్దలు ఏమని పిలుతురో చెప్పనక్కరలేదు.

ప్రయాణము తలపెట్టిన కుటుంబములు బయలుదేరుటకు ముందే టెలిఫోనులో నాలుగు సంగతులు కనుగొనవలెను. భోజనము ఏ వేళకు నిశ్చయముగా వడ్డింతురు? త్రాగునీరు ఉచితముగా ఎచ్చట దొరకును? రోగులకు, వృద్ధులకు ఇంటి తిండి తెచ్చుకొన నిత్తురా? భోజనము ముందుగా కొననక్కరలేకుండ ప్రవేశపు టికెట్టు మాత్రము దొరకునా? వైద్యుని చీటి వెంట ఉంచుకొనుట మంచిది. చక్కెర వ్యాధి గలవారు పళ్లెము ఎదుటికి వచ్చుటకు ముందు మాత్ర వేసికొనవచ్చునా యని తమ వైద్యుని అడిగి తెలిసికొనవలెను. జేబులో కొంచెము బెల్లమో చక్కెరయో ఉంచుకొనవలెను. అన్యాయము జరిగినచో బిల్లును పారవేయక భద్రపరచి, 1915 అను నంబరుగల జాతీయ వినియోగదారుల సహాయకేంద్రమునకు తెలుపవచ్చును. అచ్చట తెలుగులో గూడ చెప్పుకొనవచ్చును.

వనముల యజమానులకు మా మనవి స్వల్పము. ద్వారము లోపల ఒక వేపచెట్టు క్రింద నాలుగు బల్లలు వేయించి, ఒక నీటి కొళాయి పెట్టించి, ఇంటి మూట విప్పుకొనుటకు ఆ చోటు విడిచిపెట్టుడు. దానివలన మీ వ్యాపారము తరుగదు. అవ్వ ఎన్ని రొట్టెలు కట్టి తెచ్చినను పిల్లలు ఐస్‌క్రీము అడుగక మానరు.