ఊరికే కూర్చోనివ్వండి
(మహాసభల్లో చేసిన ప్రసంగ పాఠం)



నాకిచ్చిన అంశం హోటలు పరిశ్రమలో మనవాళ్ళకున్న అవకాశాలు. ఆ సంగతి నా తర్వాత మాట్లాడబోయే వారికి నాకంటే బాగా తెలుసు. అందుకని వారి అనుమతితో, ఇరవై ఏళ్ళకు పైగా నాకు అన్నం పెడుతున్న ఒక పని గురించి చెబుతాను. వచ్చిన అతిథిని ఏ పనీ చెయ్యకుండా ఉండనివ్వడం. నవ్వకండి, చాలా కష్టమైన పని. అతిథి తెలుగువాడైతే మరీ కష్టం!

నేనుండేది సిడ్నీకి పడమరగా సుమారు వంద కిలోమీటర్ల దూరంలో, బ్లూ మౌంటెన్స్‌లోని కటూంబా దగ్గర. మీలో చాలామంది వచ్చే ఉంటారు. వెస్ట్‌మీడ్ నుంచో వెంట్‌వర్త్‌విల్ నుంచో పొద్దున్నే పులిహోర కట్టుకుని బయల్దేరి, ఎకో పాయింట్ దగ్గర త్రీ సిస్టర్స్ కొండలతో ఫొటో దిగి, నిటారుగా లోయలోకి దిగే ఆ చిన్న రైలెక్కి, చీకటి పడేసరికి ఇంటికి చేరిపోయి ఉంటారు. అందులో తప్పేం లేదు. నేను చెప్పేది రాత్రికి ఉండిపోయేవాళ్ళ గురించి.

అసలు ఆ కొండల మీద హోటళ్ళు పుట్టిందే విశ్రాంతి కోసం. 1860ల చివర్లో రైలు వచ్చింది. 1882లో కటూంబాలో గ్రేట్ వెస్టర్న్ అనే హోటలు తెరిచారు. 1886లో దాని పేరు కారింగ్టన్‌గా మారింది, ఈనాటికీ నడుస్తోంది. 1904లో మార్క్ ఫోయ్ అనే సిడ్నీ వ్యాపారి మెడ్లో బాత్‌లో, లోయ అంచున, నీటి చికిత్స కోసం ఒక పెద్ద భవనం తెరిచాడు. ఇప్పుడు మనం హైడ్రో మెజెస్టిక్ అంటున్నది దాన్నే. వైద్యం చెయ్యడానికి స్విట్జర్లాండ్ నుంచి డాక్టరును రప్పించారు. పథ్యం, స్నానాలు, వేళకు నిద్ర. కొన్నేళ్ళకే ఆ చికిత్స మూలపడింది కాని హోటలు మిగిలింది. జనానికి కావలసింది ఆ నీళ్ళు కాదు, లోయకు ఎదురుగా ఒక కుర్చీ అని నాకనిపిస్తుంది.

మనకి ఆ కుర్చీలో కూర్చోవడమే చేతకాదు. మన భాషలోనే చూడండి, "వాడు ఖాళీగా ఉన్నాడు" అంటే ఉద్యోగం లేదని అర్థం. "ఏం చేస్తున్నారు?" అని ఫోన్లో అడిగితే "ఏం లేదండీ, ఊరికే కూర్చున్నాను" అని కాస్త సంజాయిషీ ఇచ్చుకున్నట్టు చెబుతాం. ఇదివరకు ఇలా ఉండేది కాదేమో. మా ఊళ్ళో వీధి అరుగు మీద కూర్చున్న పెద్దాయన్ని దారిన పోయేవాళ్ళు "ఏమండీ, కూర్చున్నారా?" అని పలకరించేవారు. కళ్ళెదుట కనబడుతున్నదాన్నే అడగడం! ఆయన "ఆఁ" అనేవాడు. అక్కడితో సరి. ఎందుకు కూర్చున్నారని ఎవరూ అడిగేవారు కాదు. నా ఉద్యోగమంతా ఆ "ఆఁ" అనిపించడానికే అనుకోండి.

ఎలా అనిపిస్తాం? ముందు మా నోరు కట్టుకోవాలి. మనిషి అన్నిటికంటే అలిసిపోయి ఉండేది గది తాళం తీసుకునే సమయంలో. సరిగ్గా అప్పుడే కౌంటరు దగ్గరున్న అమ్మాయి ఆరు టూర్లు, మూడు డిన్నర్లు, ఒక మసాజు గురించి ఏకరువు పెడుతుంది. మా దగ్గర అది మాన్పించాం. బ్రోషర్లు సొరుగులో ఉంటాయి, అడిగితే ఇస్తాం. గదిలో కుర్చీ మామూలుగా టీవీ వైపు తిరిగి ఉంటుంది, దాన్ని కిటికీ వైపు తిప్పించాం. విశ్రాంతికని చెప్పి వచ్చినవాళ్ళకి లిఫ్టుకు దూరంగా ఉన్న గదులిస్తాం. టిఫిను పదిన్నర దాకా పెట్టించడానికి మాత్రం వంటింటివాళ్ళతో పెద్ద యుద్ధమే అయింది. తొమ్మిదింటికి టిఫిను కట్టేస్తే ఇక నిద్రేమిటి, అలారం పెట్టుకుని పడుకోవాలి!

పొగమంచు రోజులని ఉంటాయి మాకు. లోయ, త్రీ సిస్టర్స్, ఎదుటి చెట్టు, అన్నీ మాయమైపోతాయి. ఇదివరకు మావాళ్ళు అతిథులకు క్షమాపణలు చెప్పుకునేవారు. ఇప్పుడు చెప్పొద్దన్నాను. ఆ రోజున చూడ్డానికేమీ ఉండదు కాబట్టి, ఏమీ చూడలేదన్న బెంగ కూడా ఉండదు. పదింటికల్లా లాంజిలో సగం మంది కునుకు తీస్తుంటారు.

ఓ చలికాలం గోదావరి జిల్లా దంపతులు వచ్చారు, కొడుకూ కోడలితో కలిసి. కొడుకు చేతిలో కాగితం: తొమ్మిదిన్నరకి ఒకటి, పదింబావుకి ఒకటి, అలా రాత్రి దాకా గళ్ళు. మర్నాడు ఆ పెద్దావిడ మోకాళ్ళు నొప్పిగా ఉన్నాయంటూ ఆగిపోయింది. మిగతావాళ్ళు వెళ్ళారు. మా హౌస్‌కీపింగ్ అమ్మాయి గదికి వెళ్ళి చూస్తే, ఆవిడ అప్పటికే పక్కలు సర్దేసి, కప్పులు కడిగేసి, బాత్రూములో నేల తుడుస్తోంది. ఆ అమ్మాయి గాభరాగా నా దగ్గరికి పరుగెత్తుకొచ్చింది. ఆవిడ సిడ్నీకి వచ్చి అయిదు నెలలట. వంట, మనవడు, మళ్ళీ వంట. ఎవరూ బలవంతం చెయ్యలేదు, తనకు తానే ఒక్క పూటా ఆగలేదు.

"అమ్మగారూ, ఎండ బాగుంది, కాసేపు వరండాలో కూర్చోండి" అంటే కూర్చుంటుందా? లేచి కుర్చీలు సర్దుతోంది. అప్పుడు వంటింట్లోంచి ఒక పళ్ళెం నిండా కమలాపళ్ళు తెచ్చి ముందు పెట్టాను. చలికాలం వాటికి సీజను. చేతులకు ఏదో ఒక పని ఉంటేగాని మనసు కుదుటపడని మనుషులుంటారు. ఆవిడ నిమ్మళంగా ఒక్కో పండూ ఒలిచి, పీచు తీసి, తొనలు వరసగా పేర్చింది. మూడో పండు దగ్గర చేతులాగిపోయాయి. రెండు గంటలు కదల్లేదు. సాయంత్రం కొడుకొచ్చి "ఏం చూశావమ్మా?" అని అడిగాడు. "ఏవీ చూళ్ళేదు బాబూ. కూచున్నానంతే" అంది. ఆ గొంతులో సంజాయిషీ లేదు. మర్నాడు కాగితంలో గళ్ళు రెండే ఉన్నాయి.

ఇంకో సంగతి. మనముంటున్న ఈ దేశంలో తీరిక కోసం జనం వీధుల్లోకి వచ్చారు. 1856 ఏప్రిల్ 21న మెల్‌బోర్న్‌లో రాతి పనివాళ్ళు పనిముట్లు పక్కన పెట్టి ఊరేగింపుగా నడిచారు. ఎనిమిది గంటలు పని, ఎనిమిది గంటలు తీరిక, ఎనిమిది గంటలు విశ్రాంతి అన్నది వాళ్ళ కోరిక. పనిలో మునిగితేలుతూ మనం పట్టించుకోం గాని, ట్రేడ్స్ హాల్ ఎదురుగా 888 అని అంకెలున్న స్తంభం ఇప్పటికీ ఉంది. ఈ రోజున పర్మనెంటు ఉద్యోగికి ఏడాదికి నాలుగు వారాలు జీతంతో కూడిన సెలవుంది.

మరి మీ గది సర్దే అమ్మాయికి? ఆమె క్యాజువల్ అయితే జీతంతో వార్షిక సెలవు లేదు. దానికి బదులు గంటకు పాతిక శాతం ఎక్కువిస్తారు. చదువుకోవడానికి వచ్చిన మన పిల్లలు చాలామంది ఈ పనిలోనే ఉన్నారు. కాలేజీ నడిచే రోజుల్లో రెండు వారాలకు నలభై ఎనిమిది గంటలు మించకూడదని 2023 జూలై నుంచి నిబంధన. ఆ గంటల్లో పరుపులెత్తి దుప్పట్లు బిగిస్తారు. నేనూ ఆ పనితోనే మొదలుపెట్టాను. నడుముకి తెలుస్తుంది అదెంత పనో.

ఇక్కడొక చిక్కుంది. అతిథి తలుపుకి "కదిలించకండి" కార్డు తగిలించుకుని హాయిగా నిద్రపోతే, సర్దాల్సిన గది ఒకటి తగ్గుతుంది. గదులు తగ్గితే క్యాజువల్ పిల్లల గంటలూ తగ్గుతాయి, చేతికొచ్చే డబ్బూ తగ్గుతుంది. 2020లో కరోనా వచ్చిన దగ్గర్నుంచీ అడిగితేనే గది సర్దే పద్ధతి చాలాచోట్ల పెరిగింది. పర్యావరణం కోసమని బోర్డు పెడతారు. కొంత నిజమే. మా దగ్గర మేము పోట్లాడి ఒప్పించింది ఏమిటంటే, ఆ గంటలు కోసెయ్యకుండా మిగిలిన గదులకు పంచమని. గదికి మరో పది నిమిషాలు ఎక్కువ దొరికాయి. అందరూ ఒప్పుకోరు, ప్రతి ఏడాదీ బడ్జెట్టు వేళకి మళ్ళీ మొదలు.

గుంటూరు నుంచి వచ్చి చదువుకుంటున్న ఒకమ్మాయిని, "సెలవు రోజున ఎక్కడికెళ్తావమ్మా, ఇన్ని కొండలున్నాయి కదా" అనడిగాను. "ఎక్కడికీ వెళ్ళనంకుల్, పడుకుంటాను" అంది. ఆ తర్వాతే వెనకవైపు, సిబ్బంది వరండాలో, లోయ కనబడేలా ఒక బెంచీ వేయించాం. ప్రస్తుతానికి దాని మీద మడతపెట్టిన తువ్వాళ్ళే కూర్చుంటున్నాయి. మధ్యాహ్నం మూడింటికి ఇద్దరు ముగ్గురు వాటిని పక్కకి జరిపి టీ తాగడం ఈ మధ్యే చూశాను. నేను అటు వెళ్ళలేదు. నేను వెళ్తే లేచి నిలబడతారు.

భోజనాల వేళ దాటిపోతోంది. ఇక సెలవు.