ఊలు అల్లికలు: ఏడాది లెక్క, కొత్త ఏడాది కోరికలు

(డిసెంబరు 17, పెన్షనర్ల దినోత్సవం సందర్భంగా నరసన్నపేటలో జరిగిన సభలో ఒక విశ్రాంత ప్రధానోపాధ్యాయిని చేసిన ప్రసంగ పాఠం)



ఈ రోజు ప్రత్యేకత ఏమిటో ఇక్కడున్న అందరికీ తెలుసు. 1982 డిసెంబరు 17న నకారా గారి కేసులో సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. పెన్షను ఎవరి దయాధర్మమూ కాదు, చేసిన సేవకు దక్కిన హక్కు అని ఆ తీర్పు సారాంశం. ఆ హక్కు గురించి, డి.ఏ. బకాయిల గురించి, వైద్య సదుపాయం గురించి నాకన్నా బాగా తెలిసినవారు మాట్లాడారు, ఇంకా మాట్లాడతారు. నాకు అప్పగించిన విషయం చాలా చిన్నది. ఊలు అల్లిక. ఇది ఆడవాళ్ళ సంగతి కదా అని సోదరులు లేచి టీ కోసం వెళ్ళవద్దని మనవి. మీకూ ఇందులో వాటా ఉంది, చివర్లో చెబుతాను.

మనం ఏటా లైఫ్ సర్టిఫికెట్టు ఇస్తాం. బతికే ఉన్నామని ట్రెజరీ వారికి, బ్యాంకు వారికి రుజువు చూపిస్తాం. 2012లో రిటైరైన నాటినుంచి నేను ఇంకో సర్టిఫికెట్టు కూడా రాసుకుంటున్నాను. అది నా కోసమే. ప్రతి డిసెంబరులోనూ ఒక నోటుబుక్కులో ఆ ఏడాది ఏమేమి అల్లాను, ఎంత ఊలు పట్టింది, ఎవరికి ఇచ్చాను అని లెక్క వేస్తాను. ఊపిరి ఆడుతోందని చెప్పడానికి మొదటి సర్టిఫికెట్టు, చేతులు ఆడుతున్నాయని చెప్పడానికి రెండోది.

ఈ ఏడాది లెక్క ఇది. పెద్దవాళ్ళ స్వెట్టర్లు రెండు. చేతుల్లేని స్వెట్టరు ఒకటి. శాలువా ఒకటి. పసిపిల్లల మేజోళ్ళు పదకొండు జతలు. పసిపిల్లల టోపీలు ముప్ఫై ఆరు. ఇంకా సూదుల మీదే ఉన్నది ఒకటి, దాని సంగతి తరవాత చెబుతాను.

నరసన్నపేటలో ఊలు ఎందుకమ్మా, మే నెలలో ఒంటిమీద చీరే బరువు కదా అని చాలామంది నన్ను అడుగుతారు. న్యాయమైన ప్రశ్నే. మనది సముద్రానికి దగ్గర ఊరు. ధనుర్మాసంలో తెల్లవారుజామున గుడికి వెళ్ళేటప్పుడు తప్ప మనకి స్వెట్టరు అక్కర్లేదు. కాని ఇక్కడినుంచి పడమటికి, కొండలవైపు వెళ్ళండి. సీతంపేట ఏజెన్సీలో డిసెంబరు, జనవరి రాత్రులు ఎలా ఉంటాయో అక్కడ ఉద్యోగం చేసినవారు ఈ సభలోనే ఉన్నారు. 2022లో జిల్లాలు విడిపోయి సీతంపేట పార్వతీపురం మన్యం జిల్లాలోకి వెళ్ళింది. చలి మాత్రం ఎక్కడిదక్కడే ఉంది.

ఇక పసిపిల్లల టోపీల మాట. రెండున్నర కిలోల కన్నా తక్కువ బరువుతో పుట్టిన బిడ్డకి ఒంట్లో కొవ్వు తక్కువ, వేడి నిలవదు. బిడ్డ ఒంటితో పోలిస్తే తల పెద్దది, కాబట్టి తలనుంచే వేడి ఎక్కువగా పోతుంది. పసిబిడ్డ ఒంటి వేడి 36.5 డిగ్రీల సెల్సియస్ కన్నా తగ్గకూడదని వైద్యులు చెబుతారు. 1978లో దక్షిణ అమెరికాలోని కొలంబియా దేశంలో, బొగోటా నగరంలో ఎడ్గార్ రే అనే వైద్యుడు ఒక పద్ధతి మొదలుపెట్టారు. బరువు తక్కువ బిడ్డలను వెచ్చగా ఉంచే పెట్టెలు ఆసుపత్రిలో చాలకపోతే, బిడ్డను తల్లి గుండెల మీద ఒంటికి ఒళ్ళు తగిలేలా కట్టి ఉంచడం ఆ పద్ధతి. కంగారూ తన పిల్లను సంచిలో మోసినట్టు అన్నమాట. ఇప్పుడు మన దేశంలోని ఆసుపత్రుల్లోనూ అదే చేయిస్తున్నారు. ఆ బిడ్డకి తలమీద ఒక టోపీ, కాళ్ళకి మేజోళ్ళు ఉంటే చాలు, మిగతా వేడి తల్లి ఇస్తుంది. ఆ టోపీ మనం అల్లవచ్చు.

అయితే మనకి నచ్చినట్టు అల్లి పట్టుకెళ్ళి ఇచ్చేయకూడదు. నేను ముందు ఒక ఆసుపత్రిలో నర్సమ్మగారిని అడిగి తెలుసుకున్నాను. ఆవిడ చెప్పినవి మీరూ రాసుకోండి. నూగు రాలే ఊలు వద్దు, బిడ్డ ముక్కులోకి పోతుంది. గుండీలు, రిబ్బన్లు, పూసలు వద్దు. వేడినీళ్ళలో ఉతికినా పాడుకానిది కావాలి. మన వాతావరణానికి మెత్తటి నూలు దారమే మేలు. బజారులో ఊలు అని అమ్మేవాటిలో చాలా భాగం ఆక్రిలిక్కే, గొర్రె ఊలు కాదు. అది ఉతకడానికి తేలిక. కాని నిప్పు తగిలితే కరిగి ఒంటికి అతుక్కుంటుంది. కుంపటి దగ్గర కూర్చునే బాలింతకూ బిడ్డకూ దాన్ని ఇవ్వకపోవడమే మంచిది.

కొలత కూడా చెబుతాను. సూదులకి మన దేశంలో పాత బ్రిటిషు నంబర్లే వాడుక. నంబరు పెరిగినకొద్దీ సూది సన్నబడుతుంది. పది నంబరు సూది మందం 3.25 మిల్లీమీటర్లు, పన్నెండు నంబరుది 2.75. నా చేతికి పది నంబరు సూదుల మీద పది సెంటీమీటర్లకి 28 కుట్లు వస్తాయి. అంటే 30 సెంటీమీటర్ల చుట్టుకొలత టోపీకి 84 కుట్లు ఎక్కించాలి. రెండు తిన్న కుట్లు, రెండు తిరగ కుట్లు చొప్పున అల్లుకుంటూ పోతే అంచు రబ్బరులా సాగుతుంది, బిడ్డ తల ఒకటి రెండు సెంటీమీటర్లు పెద్దదైనా సరిపోతుంది. మీ చెయ్యి బిగువైతే లెక్క మారుతుంది. అందుకే ముందు అరచేతంత ముక్క అల్లి, స్కేలు పెట్టి కొలుచుకోవాలి. లెక్కల మాస్టార్లు ఇక్కడ చాలామంది ఉన్నారు. త్రైరాశికం ఇంకా మరిచిపోలేదు కదా!

ఇందాక చేతుల్లేని స్వెట్టరు ఒకటి అన్నాను. అది కొత్త ఊలుతో అల్లినది కాదు. 1989లో మావారితో బదరీ యాత్రకి వెళ్ళేముందు ఆయనకి ముదురు నీలం రంగులో ఒక స్వెట్టరు అల్లాను. అసలైన గొర్రె ఊలు. యాత్ర తరవాత దాన్ని ఆయన ప్రతి చలికాలమూ వేసుకున్నారు, ఇక్కడ చలి లేకపోయినా వేసుకున్నారు. 2021లో ఆయన పోయారు. స్వెట్టరు వేపాకు వేసి బీరువాలో పెట్టాను. ఏటా తీసి ఎండలో వేయడం, మళ్ళీ మడతపెట్టడం, అదే పని. ఈ ఏడాది శ్రావణంలో దాన్ని విప్పేశాను.

విప్పడం కూడా ఒక పనే. ముందు పక్క కుట్లు ఊడదీయాలి. చివరిగా మూసిన అంచునుంచి దారం లాగితే వరస వరసా దానంతటదే వస్తుంది. వచ్చిన దారాన్ని కుర్చీ వీపుకి చుట్టి చిలప కట్టుకోవాలి, నాలుగుచోట్ల వదులుగా ముడి వేయాలి. ముప్ఫై ఏళ్ళు కుట్టులో ఉన్న దారం వంకీలు వంకీలుగా ఉంటుంది. గోరువెచ్చని నీళ్ళలో తడిపి, నీడలో వేలాడదీసి, కింద చిన్న బరువు కట్టితే వంకీలు పోతాయి. మోచేతుల దగ్గర, మెడ దగ్గర అరిగిన దారం తీసేశాక మిగిలినదానితో మా మనవడికి చేతుల్లేని స్వెట్టరు వచ్చింది. వాడు బెంగళూరులో వేసుకుంటున్నాడు. తాతగారిది అని వాడికి తెలుసు. బీరువాలో ఉన్నప్పుడు అది నాకు ఒక్కదానికే చెందిన వస్తువు. అందుకే విప్పాను.

ఇప్పుడు మన ఇరుగుపొరుగు సంగతి. మన జిల్లాలోనే పొందూరు ఉంది. అక్కడ కొండపత్తిని వాలుగ చేప దవడ ఎముకతో దువ్వి శుభ్రం చేస్తారు. ఆ పళ్ళంత సన్నటి దువ్వెన ఇంకోటి లేదు. ఏకులు చేసి, రాట్నం మీద వడికి, నూరో కౌంటు దాకా సన్నటి నూలు తీస్తారు. ఆ బట్ట కట్టి అక్కినేని నాగేశ్వరరావు గారు దేశమంతా తిరిగారు. ఆ నూలు వడికేవాళ్ళు ఆడవాళ్ళే, వారిలో చాలామంది మన వయసువాళ్ళే. వాళ్ళ తరవాత రాట్నం ముందు కూర్చునేవాళ్ళు తగ్గిపోతున్నారు.

పశ్చిమ గోదావరి వైపు నరసాపురం లేసు ఉంది. 19వ శతాబ్దంలో క్రైస్తవ మిషనరీల ద్వారా వచ్చిన క్రోషే అల్లిక అక్కడి ఇళ్ళలో స్థిరపడింది. 2024లో దానికి భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది. జర్మనీకి చెందిన మరియా మీస్ అనే ఆవిడ అక్కడికి వచ్చి, ఆ స్త్రీల పని చూసి, 1982లో ఒక పుస్తకం ప్రచురించారు. వాళ్ళు రోజంతా అల్లుతున్నా, లేసు విదేశాలకి ఎగుమతి అవుతున్నా, ఇంట్లో కూర్చుని తీరికవేళ చేసే పని అని చెప్పి కూలి చాలా తక్కువగా ఇస్తున్నారని ఆవిడ తేల్చారు. ఇది మనం గుర్తుంచుకోవాలి. నేను సరదాకి అల్లుతున్నాను, ఎందుకంటే నాకు పెన్షను ఉంది. పూట గడవడానికి అల్లే మనిషి దగ్గర లేసు కొనేటప్పుడు, మా అమ్మాయీ ఇలాంటిది ఊరికే అల్లుతుంది అని బేరమాడకండి.

చిన్న తమాషా. కార్డిగన్ అని మనం అనే ముందుగుండీల స్వెట్టరుకి ఆ పేరు 19వ శతాబ్దపు క్రిమియా యుద్ధంలో పోరాడిన ఒక ఇంగ్లీషు ప్రభువు పేరుమీద వచ్చింది. 1589లోనే విలియం లీ అనే ఇంగ్లీషువాడు మేజోళ్ళు అల్లే యంత్రం కనిపెట్టాడు. అంటే మెషీన్లు వచ్చాయి, చేతి అల్లిక ఇంక పోతుంది అనే మాట నాలుగువందల ఏళ్ళనాటిది. చెన్నైలో 2016 జనవరిలో మన దేశపు స్త్రీలు క్రోషే ముక్కలన్నీ కలిపి పదకొండువేల చదరపు మీటర్లకి పైబడిన దుప్పటి చేసి గిన్నిస్ రికార్డు సాధించారు. కాబట్టి అల్లిక అంత తొందరగా పోదు. పోయేది మనలాంటివాళ్ళ చేతుల్లో ఉండి ఎవరికీ నేర్పకుండా వదిలేసిన పనితనం.

ఆ మాట నాకు ఈ ఏడాదే బాగా తగిలింది. నా కుడిచేతి బొటనవేలి మొదట్లో కీలు అరిగిందని డాక్టరుగారు చెప్పారు. ఇరవై నిమిషాలు అల్లితే అరగంట విశ్రాంతి ఇవ్వాలి. ఇంకో అయిదేళ్ళు అల్లగలనా అని అడిగాను. మీ వేలు చెబుతుంది అన్నారు. ఇందాక సూదుల మీదే ఉంది అన్నది ఒక పెద్ద శాలువా. జాలీ పని, వరసకి 220 కుట్లు. నాలుగో వంతు అయింది. పాతరోజుల్లో అయితే సంక్రాంతికి ముగించేదాన్ని.

అందుకని కొత్త సంవత్సరానికి నా కోరికల జాబితా ఈసారి వేరుగా రాసుకున్నాను.

మొదటిది, టోపీలు అరవై. అందులో నేను అల్లేవి ఇరవై మాత్రమే. మిగిలిన నలభై మీవి.

రెండోది, అయిదుగురికి నేర్పడం. మన సంఘం గదిలో వారానికి రెండు సాయంత్రాలు కూర్చుంటాను. సూదులు, మొదటి ఉండ నేను ఇస్తాను. ఇప్పటికే ఒకరు పేరు ఇచ్చారు. ఆయన ఆర్టీసీలో కండక్టరుగా చేసి రిటైరయ్యారు. ముప్ఫై ఏళ్ళు టిక్కెట్లు చింపిన వేళ్ళు, ఊరికే కూర్చుంటే వణుకుతున్నాయమ్మా అన్నారు. అల్లిక వల్ల జబ్బులు నయమవుతాయని నేను చెప్పను. కుట్లు లెక్కపెడుతున్నంతసేపూ మనసు వేరే లెక్కలు పెట్టదు, అంతవరకు హామీ ఇస్తాను. సోదరుల వాటా అన్నది ఇదే.

మూడోది, ఒక పుస్తకం. 1974లో ట్రైనింగు హాస్టల్లో నేను అల్లిక నేర్చుకున్ననాటినుంచి రాసుకున్న నమూనాలన్నీ ఇంగ్లీషు పొడి అక్షరాల్లో ఉన్నాయి. మా కోడలికే అర్థం కావు. తిన్న కుట్టుకి 'తి', తిరగ కుట్టుకి 'ర' అని తెలుగు గుర్తులు పెట్టి ఇరవై నమూనాలు శుభ్రంగా తిరగరాస్తున్నాను. ఆరు అయ్యాయి. పూర్తయితే మన సంఘం గదిలో ఒక జెరాక్సు ప్రతి ఉంటుంది.

నాలుగోది ఆ శాలువా. రోజుకి రెండు వరసలు చాలు. వచ్చే డిసెంబరుకి పూర్తికాకపోతే, సూదులతో సహా మా కోడలి చేతికి ఇస్తాను. కుట్లు జారిపోకుండా పట్టుకోవడం ఈపాటికి ఆమెకి వచ్చింది.

ముగించేముందు ఒక మనవి. మీ ఇళ్ళల్లో అటకమీద పాత సూదులు, మిగిలిపోయిన ఉండలు, విప్పదగ్గ స్వెట్టర్లు ఉంటాయి. పారేయకండి, సంఘం గదికి పంపండి. తరగతులు సంక్రాంతి వెళ్ళాక మొదటి సోమవారం, సాయంత్రం నాలుగు గంటలకి మొదలవుతాయి. కళ్ళజోడు తెచ్చుకోవడం మరిచిపోవద్దు.

అందరికీ నూతన సంవత్సర శుభాకాంక్షలు.  సెలవు.