హారతిపళ్లెము



నేను కురబలకోటవాడను. ముప్పదియేండ్లకు పైగా బడిపిల్లలకు తెలుగు బోధించి విశ్రాంతి గైకొన్నవాడను. బాల్యమున గురువులయొద్ద శబ్దమంజరియు, అమరమును వల్లెవేసినవాడ నగుటచే ఆచారమును నిందించుటకు నాకు మనసొప్పదు. ఉగాది పచ్చడి, గంగజాతర, పెండ్లిపందిరి, ఇవియే కదా మనలను ఒక యూరివారినిగా జేయునవి! కాని ఆచారమునకు మఱియొక పనియు గలదు. ఎవరు ముందు నిలువవలెనో, ఎవరు తలుపుచాటున నిలువవలెనో నిర్ణయించునదియు నదియే.

మా యక్కగారు ఇరువదియేండ్లకే భర్తను గోల్పోయి పుట్టింటికి వచ్చెను. తల్లిలేని నన్ను పెంచినది ఆమెయే. నా పెండ్లినాడు వంటయంతయు ఆమె చేతిమీదుగా జరిగెను. మంగళహారతి వేళకు మాత్రము ఆమె వెనుకగదిలో నుండెను. పొమ్మని యెవరును అనలేదు, తానే పోయెను. చదువుకొన్నవాడ నయ్యును నేను "అక్కా, రమ్ము" అనలేకపోతిని. ఆజ్ఞ యక్కఱలేకయే మనిషిని వెనుకకు పంపగల బలము ఆచారమునకు గలదు.

ఈ బలము నెదిరించిన యొక స్త్రీ మన ప్రాంతముననే పుట్టినది. ఆమె తరిగొండ వెంగమాంబ. 1730లో జన్మించి, బాల్యముననే వివాహమై, భర్తను గోల్పోయెను. శిరోముండనము చేయింపవలెనని పెద్దలు పట్టుపట్టిరి. శ్రీవేంకటేశ్వరుడే తన భర్త యని చెప్పి, ఆమె కుంకుమను గాని, పూవులను గాని విడువలేదు.

ఒక్క బొట్టును గూర్చి పెద్దల కంత పట్టుదల యేల? ఆలోచింపుడు. బొట్టు పోయినచో పేరంటమునకు పిలుపు పోవును. పిలుపు పోయినచో ఇంటిలో మాట పోవును. మాట పోయినపిదప ఆస్తిలో పాలడుగుటకు నోరెక్కడిది? బొట్టు చిన్నదే, దాని వెనుకనున్న అధికారము చిన్నది కాదు.

వెంగమాంబ తరిగొండ విడిచి తిరుమల చేరెను. అచ్చటను ఆమెకు కష్టములు తప్పలేదని చెప్పుదురు. అయినను వేంకటాచల మాహాత్మ్యము మొదలగు కావ్యములను రచించి, 1817లో తిరుమలయందే సమాధి చెందెను. నేడు స్వామివారి ఏకాంతసేవలో తాళ్లపాక వంశీయుల లాలితోబాటు తరిగొండవారి ముత్యాలహారతియు జరుగుచున్నది. 2011లో తిరుమలలో ప్రారంభమైన అన్నప్రసాదభవనము ఆమె పేరనే యున్నది. వితంతువు హారతి యిచ్చిన కీడు కలుగునందురు. ఆమె పేరిట హారతి అందుకొనుచున్న తిరుమలకు ఏ కీడు కలిగినది?

చట్టము చాలదా యని మీరడుగవచ్చును. వితంతు వివాహమునకు 1856లోనే చట్టము వచ్చెను. రాజమహేంద్రవరమున కందుకూరి వీరేశలింగము పంతులుగారు మొదటి వితంతు వివాహమును జరిపించినది 1881 డిసెంబరులో. ఇరువదియైదేండ్లు పట్టినది! చట్టము కచేరీవఱకు వచ్చును. గడపదాటి లోనికి తెచ్చుకొనవలసినవారము మనమే. గడపయొద్ద మాట చెల్లునది పెద్దలకే గావున ఈ భారము మనదే.

వచ్చు మాఘమాసమున మా కడపటి కుమార్తె పెండ్లి. హారతిపళ్లెము నీవే పట్టవలెనని మా యక్కగారితో నంటిని. ఆమె చాలసేపు పలుకలేదు. పిమ్మట, "వలదురా తమ్ముడా, నలుగురును నాలుగు విధములుగా అందురు" అనెను.

"ఆ నలుగురితో నేను మాటాడెదను" అంటిని.

పెద్దలారా, ఆ నలుగురును మీరే. పందిటిలో ఆమె పళ్లెముతో నిలిచినప్పుడు మీరు లేచి పోకుడు; చేతులు చాచి ఆ హారతి కన్నుల కద్దుకొనుడు. మీరద్దుకొన్ననాడే అదియు ఆచారమగును.