పొగగొట్టం మార్పిడి - కార్మికుని ఊపిరి
(పుదుచ్చేరి, తట్టాంచావడిలో చేసిన ప్రసంగ పాఠం)



తట్టాంచావడి పారిశ్రామికవాడలో సమావేశమై, రైల్వే, తపాలా ఉద్యోగులతో డీజిల్ పికప్ బండి పొగగొట్టం గురించి ప్రస్తావించడమేమిటని మీలో కొందరికి తోచవచ్చు. పార్సెల్ ఆఫీసు గుమ్మం వద్ద, తపాలా సంచులు దించే చోట ఇంజను ఆపకుండా నిలిపిన బండిని ఒక్కసారి తలచుకోండి. ఆ పొగను పీల్చేవారు బండి నడిపే డ్రైవరు, సరకు మోసే హమాలీ, సంచులు లెక్క చూసుకునే మన ఉద్యోగి. బండి యజమాని అక్కడ ఉండడు.

ఈ పొగ స్వభావాన్ని లోకానికి తెలియజేసినది కార్మికుల శరీరాలే. 2012 జూన్‌లో ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన క్యాన్సర్ పరిశోధన సంస్థ డీజిల్ పొగను మానవులకు క్యాన్సర్ కలిగించేవాటి మొదటి వర్గంలో చేర్చింది. ఆ సంస్థ పరిశీలించిన అధ్యయనాలలో అమెరికా గని కార్మికులను, లారీ డ్రైవర్లను, రైల్వే కార్మికులను గురించినవి ఉన్నాయి. మన వంటి రైలు కార్మికుల ఊపిరితిత్తులే అక్కడ సాక్ష్యం పలికాయి.

మన దేశంలో 2020 ఏప్రిల్ 1 నుండి భారత్ స్టేజ్ ఆరు ప్రమాణాలు అమలులోకి వచ్చాయి. నాటి నుండి వస్తున్న డీజిల్ బండ్ల పొగగొట్టంలో సాధారణంగా మసిని పట్టి ఉంచే ఫిల్టరు ఉంటుంది. మసి నిండినప్పుడు పొగ వేడిని సుమారు 600 డిగ్రీలకు పెంచి ఇంజనే దానిని కాల్చివేస్తుంది. అందుకు బండి కొంతసేపు ఆగకుండా సాగాలి. ఊరిలోనే నాలుగడుగులకొకసారి ఆగుతూ తిరిగే బండికి ఆ అవకాశం చిక్కదు. ఫిల్టరు పూడిపోతుంది, హెచ్చరిక దీపం వెలుగుతుంది, ఇంజను బలం తగ్గుతుంది. కొత్త ఫిల్టరు ఖర్చును తప్పించుకోగోరే యజమాని దానిని పెరికించి, బజారులో దొరికే తిన్నని గొట్టాన్ని బిగించమంటాడు. బండి చురుకుగా కదులుతుంది. మసి మాత్రం మన వాకిట కురుస్తుంది.

చట్టం దీనిని అనుమతించదు. 1988 మోటారు వాహనాల చట్టం 52వ సెక్షను అనుమతి లేని మార్పులను నిషేధిస్తున్నది. 2019 సవరణ ప్రకారం అటువంటి ఒక్కొక్క మార్పుకు 5,000 రూపాయల జరిమానా గాని, ఆరు నెలల వరకు జైలు గాని, రెండూ గాని యజమానికి విధించవచ్చు.

తుప్పు పట్టిన సైలెన్సరును మార్చవద్దని మేము అనడం లేదు. బండి తయారీదారు నిర్ణయించిన రకాన్నే తెచ్చి, ఫిల్టరును, సెన్సార్లను యథాస్థానంలో ఉంచి మార్చాలి. ఇంజను చల్లారిన పిమ్మటే పని ఆరంభించాలి. జాకీని మాత్రమే నమ్మి బండి క్రిందికి దూరరాదు. గట్టి స్టాండ్లు ఉండి తీరాలి. పాత గాస్కెట్లను తిరిగి వాడరాదు. అన్ని జాయింట్లను ముందు వదులుగా అమర్చి, గొట్టం బ్రేకు పైపులకు, ఇంధన ట్యాంకుకు తగలకుండా సరిచూసి, ఇంజను వైపు నుండి వరుసగా బిగించాలి. చివరగా లీకు పరీక్షించాలి. లీకైన పొగ క్యాబిన్‌లోకి చేరితే, వాసనకు అందని కార్బన్ మోనాక్సైడ్ డ్రైవరు ప్రాణాన్నే హరించగలదు.

కాబట్టి మన కోర్కెలు మూడు. అద్దె బండ్ల కాంట్రాక్టులలో ఫిల్టరు తొలగించరాదన్న షరతు ఉండాలి. సరకు ఎక్కించేటప్పుడు ఇంజను ఆపాలి. అక్రమ మార్పునకు నిరాకరించిన డ్రైవరుకు, మెకానిక్కుకు రక్షణ కల్పించాలి. కాంట్రాక్టు డ్రైవరు మన సభ్యుడు కాడని మనం ముఖం త్రిప్పుకొనరాదు. అతని బండి పొగకు సభ్యత్వ భేదం లేదు.

1936 జులై 30న పన్నెండుగురు మిల్లు కార్మికులు తుపాకీ గుండ్లకు నేలకొరిగిన పట్టణమిది. రోజుకు ఎన్ని గంటలు పని చేయాలని ఆనాడు వారు ప్రశ్నించారు. ఆ గంటలలో ఎటువంటి గాలి పీల్చాలని ప్రశ్నించవలసిన బాధ్యత నేడు మనది.